తెలియని అక్షరమును వెదకు విద్య

తెలుగు చదువనేర్చినవానికి తానెన్నడు విని యెఱుగని మాట గ్రంథమున తారసిల్లినను, అర్థము తెలియకపోవచ్చునే కాని, దానిని పలుకుటకు అడ్డేమియు నుండదు. పలుకగలిగినవాడు శబ్దరత్నాకరమునో సూర్యరాయాంధ్ర నిఘంటువునో తెరచి, అకారాదిక్రమమును పట్టుకొని నాలుగు పుటలు తిరుగవేయునంతలో ఆ మాట యున్న తావునకు చేరుకొనును. జపాను భాష నేర్వబూనిన పరదేశీయునికి ఈ సౌకర్యము లేదు. ఆ భాషలో హిరగానా, కటకానా యను రెండక్షరమాలలు ధ్వనిని తెలుపునవే యైనను, వానితో కలసి ప్రతి పంక్తియందును నిలుచు కాంజీలు, అనగా చీనాదేశమునుండి వచ్చిన భావాక్షరములు, తమ ఉచ్చారణమును పైకి చూపవు. ఎట్లు పలుకవలెనో తెలియని అక్షరమును నిఘంటువున ఏ పుటలో వెదకవలెను? ఒక్కొక్క కాంజీకి రెండు మూడు ఉచ్చారణములుండుటయు, సందర్భమును బట్టి అవి మాఱుటయు ఈ చిక్కును మఱింత బిగించినవి.

నేటి విద్యార్థి చేతిలోని ఫోనుపై వ్రేలితో ఆ అక్షరమును గీసినంతనే దాని ఉచ్చారణము, అర్థము, గీతల వరుస, అది చేరిన సమాసములు, ఉదాహరణవాక్యములు అన్నియు తెరమీదికి వచ్చుచున్నవి. అదియు పైసా ఖర్చు లేకుండ. ఈ సౌకర్యమును వాడుకొను లక్షలాది జనులలో దీని పూర్వచరిత్ర నెఱిగినవారు కొద్దిమంది. దీనికి నాలుగు వందల యేండ్ల వంశవృక్షము కలదు. అందులో పాద్రీలు కలరు, దుబాసీలు కలరు, వైద్యులు కలరు, కడపట కంప్యూటరు శాస్త్రమును బోధించిన ఉపాధ్యాయుడొకడు కలడు. వీరిలో పెక్కురు తమ అవసరమునకై నిఘంటువును కూర్చుకొని, తమ వెనుక వచ్చువారికై దానిని విడిచిపోయిన విద్యార్థులే. వారి ప్రక్కన కూర్చుండి మాట మాటకు అర్థము చెప్పిన జపానీయుల పేళ్లు మాత్రము చాలవఱకు మాసిపోయినవి. ఆ లోటును తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు చివుక్కుమనును.

కథలోనికి పోకముందు తెలుగువారికి ప్రీతి గొలుపు విషయమొకటి చెప్పవలసి యున్నది. నేటి జపాను నిఘంటువులు మాటలను కూర్చు క్రమము అ, ఇ, ఉ, ఎ, ఒ అను స్వరములతో మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అను వరుసలతో ముగియును. ఈ వరుసను వినిన తెలుగు బాలుడైనను ఇది తన ఓనమాల క్రమమేయని గుర్తుపట్టగలడు. కవర్గము తరువాత చవర్గముండవలసిన చోట సకారమును, పవర్గముండవలసిన చోట హకారమును కనబడుటకు కారణము, ప్రాచీనకాలమున ఆ వర్ణముల ఉచ్చారణము నేటిదానికి భిన్నముగా, మన చకార పకారములకు దగ్గరగా నుండుటయే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ క్రమము బౌద్ధభిక్షువుల సంస్కృతాధ్యయనమునుండి వచ్చినది. భారతదేశమునుండి బయలుదేరి 736లో జపానును చేరి, 752లో నారా నగరమునందలి తోదాయ్‌జీ మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము చేసిన బోధిసేనుడును, చీనాకు పోయి 806లో సిద్ధమాతృకా లిపి గ్రంథములతో స్వదేశమునకు మరలిన కూకై ఆచార్యుడును ఈ సంప్రదాయమునకు ఆద్యులలోనివారు. ఐనను ఈ వర్ణక్రమము మఠములలోని పండితులకే చిరకాలము పరిమితమై యుండెను. సామాన్యులు ‘ఇరోహా’ యను పద్యమునందలి అక్షరముల వరుసనే పాటించిరి. ఓత్సుకి ఫుమిహికో 1889 మొదలు 1891 వఱకు ప్రకటించిన ‘గెన్‌కాయ్’ అను మహానిఘంటువు వర్ణక్రమమునే అనుసరించుటతో పాత పద్యపు వరుస క్రమముగా వెనుకబడెను.

ఇక పరదేశీయుల కథ. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ కగొషిమా రేవున దిగిననాటికి ఆ భాషను నేర్పు పుస్తకమొక్కటియు పాశ్చాత్యులయొద్ద లేదు. తరువాతి నలువది యేండ్లు ఏసుసభ పాద్రీలు వ్రాతప్రతులతోను చెవి విన్న పాఠముతోను కాలము గడపిరి. 1590లో వలిన్యానో అను పెద్ద పాద్రీ ఐరోపానుండి అచ్చుయంత్రమును తెప్పించెను. దానిని కజుసా, అమకుసా, నాగసాకీలకు తరలించుచు ఆ సభవారు అచ్చొత్తిన పుస్తకములలో, జపానీయుల హెయ్‌కె వీరగాథయు, ఈసపు కథలును రోమను లిపిలో అమకుసాయందు వెలువడినవి కలవు. కొత్తగా వచ్చిన పాద్రీ దేశభాషను అభ్యసించుటకు కథలకంటె మేలైన సాధనము లేదని వారు గ్రహించిరి. నేడు అభ్యాసకులకై సులభశైలిలో వ్రాయబడు వాచకములకు అవి ప్రపితామహులు.

అన్నిటికిని తలమానికమైనది 1603లో నాగసాకీయందు వెలువడి, మఱుసటి యేట అనుబంధముతో పూర్తియైన జపాను–పోర్చుగీసు నిఘంటువు. 32,000కు పైబడిన మాటలు అందున్నవి. మాటలన్నియు రోమను లిపిలో, నాటి పోర్చుగీసు వ్రాతపద్ధతిని బట్టి కూర్చబడినవి; హకారపు వరుసకు ‘ఫ’ యని వ్రాసియుండుటచే ఆ కాలమున జపానీయుల నోట ఆ వర్ణమెట్లు పలికెనో నేటి పండితులు దానినుండియే తేల్చుకొనుచున్నారు. కూర్పరులు అర్థములు చెప్పి ఊరకుండలేదు. క్యోటో రాజధాని ప్రాంతపు మాటయేదో, క్యూషూ ద్వీపపు మాటయేదో, కవిత్వమునకే తగినదేదో, స్త్రీలు మాత్రమే వాడునదేదో గుర్తులు వేసి మఱీ చెప్పిరి. మూడు నాలుగు శతాబ్దుల తరువాత క్షేత్రమునకు పోయి మాండలికములు సేకరించువారు పాటించిన నియమమును వీరు గాలిదీపపు వెలుగున పాటించిరనుట ఆశ్చర్యకరము. ఏసుసభలో చేరిన జపానీయ సహోదరుల సాహాయ్యము లేనిదే ఇట్టి కార్యము ఒక్క పుటయు సాగదు. వారి పేళ్లు మాత్రము మనకు దక్కలేదు.

అక్షరమును వెదకుటయను చిక్కుముడిని ఈ నిఘంటువు విప్పలేదు. రోమను లిపి నాశ్రయించి దానిని తప్పించుకొన్నది. విప్పబూనినది 1598లో అదే ముద్రణశాలనుండి వెలువడిన ‘రకుయోషూ’ అను కాంజీకోశము. దాని భాగములలో నొకటి ఉచ్చారణమును బట్టియు, మఱియొకటి అక్షరములోని ప్రధానాంగమును బట్టియు కూర్చబడినది. ఈ ప్రధానాంగమును జపానీయులు ‘బుషు’ అందురు. నీరు, చెట్టు, మనిషి, నోరు, చేయి మొదలగు అర్థములు గల చిన్న ఆకృతులు పెద్ద అక్షరములలో ఒక ప్రక్కనో పైననో క్రిందనో నిలుచును. ముందు ఆ అంగమును గుర్తించి, పిదప మిగిలిన గీతలను లెక్కించి, ఆ లెక్క గల అక్షరముల జాబితాలో కన్నులతో గాలింపవలెను. 1716లో చీనా చక్రవర్తి ఆజ్ఞతో పూర్తియైన కాంగ్‌షీ నిఘంటువు 47,000 అక్షరములను 214 అంగముల క్రింద స్థిరపఱచిన పిమ్మట తూర్పు ఆసియాకంతటికిని అదియే ప్రమాణమయ్యెను. ఐతే ఏది ప్రధానాంగమో తెలియుటకు అక్షరమును ముందే ఎఱిగియుండవలెను. ఎఱుగనివానికే గదా నిఘంటువు. మూడు వందల యేండ్లు పరదేశ విద్యార్థులు ఈ గుండ్రపు గోడచుట్టు తిరిగిరి.

ఏసుసభలోని ఝువావ్ రొడ్రిగ్జ్ 1604 మొదలు 1608 వఱకు నాగసాకీలో అచ్చొత్తించిన మహావ్యాకరణమును గూర్చియు ఒక్క మాట చెప్పవలయును. బాల్యముననే జపానునకు వచ్చి, నాటి జపాను ఏలికలైన హిదెయోషికిని ఇయెయాసుకును దుబాసీగా మెలగిన ఈతడు, మన్ననవాచకముల భేదములనుండి పద్యచ్ఛందస్సు వఱకు చర్చించెను. 1610లో దేశమునుండి వెడలగొట్టబడి మకావ్ చేరెను. 1614నాటి శాసనముతో క్రైస్తవ ప్రచారమంతయు నిషిద్ధమై, ముద్రణశాల తరలిపోయి, ఆ పుస్తకములు చెల్లాచెదరయ్యెను. ఆక్స్‌ఫర్డు, పారిస్, ఎవొరా మొదలగు చోట్ల గ్రంథాలయములలో నిలిచిన కొద్ది ప్రతులే నేటికి మిగిలినవి.

తరువాతి రెండు శతాబ్దులు విద్య ప్రవహించిన దిశ మాఱినది. 1641 మొదలు డచ్చి వర్తకులు నాగసాకీ రేవులోని దెజిమా యను కృత్రిమ ద్వీపమున బందీలవలె నివసించిరి. భాష నేర్చుకొను భారము జపానీయుల మీద పడెను. తండ్రి తరువాత కొడుకు దుబాసీ పని చేయు కుటుంబములు వెలసెను. నెపోలియను యుద్ధముల వలన ఓడలు రాని యేండ్లలో, దెజిమా వర్తకశాలకు అధిపతియైన హెండ్రిక్ డూఫ్, దుబాసీలను చేర్చుకొని, హాల్మా యను నాతని డచ్చి–ఫ్రెంచి నిఘంటువు నాధారముగా గొని డచ్చి–జపాను నిఘంటువు నారంభించెను. 1817లో ఆతడు వెడలిపోయిన తరువాత దుబాసీలు దానిని 1833లో ముగించిరి.

ఈ గ్రంథము అచ్చు కాక చేతివ్రాతతోనే దేశమంతట వ్యాపించినది. ఒసాకా నగరమున ఒగాతా కోఅన్ అను వైద్యుడు నడపిన తెకిజుకు పాఠశాలలో దాని ప్రతి యొక్కటియే యుండెను. పాఠశాలయొక్క మేడమీద ఆ ప్రతిని భద్రపఱచిన చిన్నగదికి ‘జూఫు గది’ యని పేరు. డూఫ్ పేరు జపాను నోట అట్లు మాఱినది. నిఘంటువును గదినుండి బయటికి కొనిపోరాదు. పాఠపరీక్ష దగ్గరపడిన రాత్రులలో విద్యార్థులు ఆ గదిలో గుమిగూడి, నిద్ర మాని, ఒకరి భుజముమీదుగా ఒకరు చూచుచు తమకు కావలసిన మాటలను వెదకుకొనిరని, 1855లో అచ్చట చేరిన ఫుకుజావా యుకిచి తన ఆత్మకథలో వర్ణించెను. ప్రభువులు ఆ నిఘంటువునకు ప్రతి కావలెనని కోరినప్పుడు ఆ విద్యార్థులే కాగితమునకు ఇంతయని కూలి పుచ్చుకొని ప్రతులు వ్రాసి, ఆ సొమ్ముతో చదువు సాగించుకొనిరి. ఆధునిక జపానునకు విద్యాగురువైన ఫుకుజావా ఆ గదిలోనుండియే వచ్చెను. ఆ యిల్లు నేటికిని ఒసాకాలో నిలిచియున్నది. జ్ఞానముమీది ఆకలి యనగా ఎట్లుండునో తెలియగోరువారికి ఆ చిన్నగదికంటె వేఱు సాక్ష్యమక్కఱలేదు.

ఓడరేవులు తెఱచిన కాలమున రంగమునకు వచ్చినవాడు జేమ్స్ కర్టిస్ హెప్‌బర్న్. అమెరికాలో 1815లో జన్మించిన ఈ వైద్యుడు 1859లో కనగావా చేరి, పాడుపడిన బౌద్ధాలయమొకదానిలో కాపురముండి, రోగులకు ఉచితముగా మందులిచ్చుచు మాటలు సేకరించెను. తనకు ముందున్న పుస్తకములలో తన చేతికి వచ్చినవి రెండే యని ఆతడు పీఠికలో చెప్పుకొనెను: ఒకటి 1830లో బటేవియా నగరమున మెడ్‌హర్స్ట్ అను పాద్రీ, జపానులో అడుగైన పెట్టకయే, పుస్తకములనుండి కూర్చిన చిన్న పదపట్టిక, రెండవది 1603నాటి ఏసుసభ నిఘంటువు. ఇన్నూట యఱువది యేండ్ల అంతరమును దాటి పాద్రీల శ్రమ ఈ వైద్యునికి అక్కఱకు వచ్చినది. ఐనను తనకు ప్రధానాధారము ప్రక్కనున్న జపాను గురువే యని ఆతడు నిజాయితీతో ఒప్పుకొనెను.

ఆ సహాయులలో కిషిదా గిన్‌కో పేరు మాసిపోకుండ నిలిచినది. కంటి జబ్బుతో వైద్యమునకై హెప్‌బర్న్ నొద్దకు వచ్చిన ఈ పండితుడు, నయమైన పిమ్మట నిఘంటువు పనిలో ఆతనికి కుడిభుజమయ్యెను. జపాను అక్షరములతో ఇంగ్లీషును కలిపి అచ్చొత్తు సాధనములు నాడు యోకొహామాలో లేకపోవుటచే ఇరువురును 1866లో షాంఘైకి ఓడనెక్కి, అచ్చటి మిషను ముద్రణశాలలో నెలల తరబడి ప్రూఫులు దిద్దిరి. 1867లో వెలువడిన ఆ గ్రంథమున 20,772 జపాను మాటలకు ఇంగ్లీషు అర్థములును, వెనుక భాగమున 10,030 ఇంగ్లీషు మాటలకు జపాను అర్థములును కలవు. ప్రతి మాటయు ముందు రోమను లిపిలోను, పిదప కటకానాలోను, ఆపై కాంజీలోను కనబడును. కిషిదా తరువాతికాలమున పత్రికారచయితగాను, హెప్‌బర్న్ చెప్పిన చొప్పున చేసిన కంటిమందు నమ్ము వర్తకుడుగాను టోక్యోలో ప్రసిద్ధికెక్కెను. 1886నాటి మూడవ కూర్పులో కుదురుకొన్న రోమను వ్రాతపద్ధతి హెప్‌బర్న్ పేరనే నేటికిని రైలు స్టేషనుల పలకలమీద కనబడుచున్నది.

తెలుగున చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో ప్రకటించెను. ఇంటిలో పండితులకు సొంత సొమ్ముతో జీతములిచ్చి వ్రాతప్రతులు సేకరింపించిన ఆతని శ్రమకును, హెప్‌బర్న్ శ్రమకును ఎడము పదునైదేండ్లే. ఇరువురును ఉద్యోగధర్మము వేఱై యుండగా భాషమీది మక్కువచేత నిఘంటుకారులైనవారు.

సేటో, ఆస్టన్, చేంబర్లెయిన్ అను ఆంగ్లేయులు పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున వాడుకభాషకు నిఘంటువులను, వ్యాకరణములను సమకూర్చిరి. వారి కృతులు గొప్పవే. కాని నేను వెంబడించుచున్న ప్రశ్న, అనగా తెలియని కాంజీని వెదకుట, మఱియొకచోట కదలినది. 1916లో టోక్యోయందు రోజెన్‌బర్గ్ అను రష్యా పండితుడు అంగములను విడిచి, అక్షరముయొక్క గీతల ఆకృతిని బట్టియే వర్ణక్రమమువంటి వరుసలో 8,000 కాంజీలను కూర్చెను. 1962లో ఆండ్రూ నెల్సన్ ప్రకటించిన కోశమున పాత అంగములనే ఉంచి, వానిలో దేనిని ముందెన్నుకొనవలెనో తెలుపు క్రమనియమమును నేర్పెను. 1990లో జాక్ హాల్‌పెర్న్ కోశము మఱింత సులువైన దారి చూపినది: అక్షరమును ఎడమ–కుడి, పై–క్రింద, చుట్టు–నడుమ, విడదీయరానిది అను నాలుగు తెగలుగా చూచి, రెండు భాగముల గీతలను లెక్కించినచో చాలును. ఉదాహరణకు చెట్టు ఆకృతి రెండుమార్లు ప్రక్కప్రక్కన నిలిచి తోపు అని అర్థమిచ్చు కాంజీని చూచినవాడు, ఎడమ–కుడి తెగకు 1 యనియు, ఒక్కొక్క చెట్టునకు నాలుగేసి గీతలు గావున 4, 4 అనియు వ్రాసుకొని, 1-4-4 అను సంఖ్యతో నేరుగ పుటకు పోవచ్చును. అంగమేదో తెలియనక్కఱలేదు, ఉచ్చారణమసలే అక్కఱలేదు.

ఈ నడుమ జపానీయులు తమ కొఱకు చేసికొన్న మహాయజ్ఞమొకటి కలదు. మొరొహాషి తెత్సుజి అను పండితుడు కూర్చిన ‘దాయ్ కాన్‌వా జితెన్’ మొదటి సంపుటము 1943లో వెలువడినది. 1945 ఫిబ్రవరిలో టోక్యోపై కురిసిన బాంబులలో మిగిలిన సంపుటములకై సిద్ధము చేసిన అచ్చుపలకలన్నియు కరగిపోయెను; వేఱుచోట దాచిన ప్రూఫు ప్రతులే మిగిలెను. మొరొహాషికి ఒక కన్ను పూర్తిగా పోయి, రెండవది మసకబాఱెను. ప్రచురణకర్త తన కుమారులను చదువు మాన్పించి ఈ పనిలో పెట్టెను. ఇషిఇ మొకిచి అను అక్షరశిల్పి ఫొటో కూర్పుకై వేలాది అక్షరములను క్రొత్తగా గీసెను. 1955 మొదలు 1960 వఱకు పదుమూడు సంపుటములుగా, సుమారు 50,000 అక్షరములతో అది పూర్తియైనది. తరువాత వచ్చిన కంప్యూటరు జాబితాలలో కాంజీల ప్రక్కన ‘మొరొహాషి సంఖ్య’ యని వేయునది ఈ గ్రంథమునందలి వరుససంఖ్యయే.

కాంజీలకు కంప్యూటరులో ప్రామాణికమైన సంకేతము ఏర్పడిన తేదీ స్పష్టముగా కలదు. 1978లో జపాను ప్రామాణిక సంస్థ ప్రకటించిన సంకేతావళి 6,349 కాంజీలకు ఒక్కొక్క సంఖ్యను కేటాయించినది. అదే యేట తోషిబా సంస్థవారు కానాలో కొట్టినదానిని కాంజీగా మార్చు మొదటి వర్డ్ ప్రాసెసరును ప్రకటించిరి. దాని వెల 63 లక్షల యెన్నులు. సామాన్యుని బల్లమీదికి ఆ శక్తి రావలెనన్నచో మఱి పదేండ్లు కావలసివచ్చినది.

ఆస్ట్రేలియాలో మెల్బర్న్ నగరపు మొనాష్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు సంబంధమైన శాస్త్రమును బోధించుచుండిన జిమ్ బ్రీన్ జపాను భాషను ఇష్టముతో అభ్యసించెను. 1991లో ఆతడు ‘ఈడిక్ట్’ అను పేర ఒక పదపట్టికను ప్రారంభించెను. దాని రూపము మిక్కిలి నిరాడంబరము: ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పంక్తి, పంక్తిలో ముందు కాంజీ, చదరపు కుండలీకరణములలో కానా ఉచ్చారణము, ఆపై వాలుగీతల నడుమ ఇంగ్లీషు అర్థములు. అంతే. ఏ ప్రోగ్రామైనను చదువగలిగినంత సాదాగా నుండుటయే దానికి బలమైనది. మొదట రెండు వేల మాటలకు మించని ఆ పట్టికను బ్రీన్ విశ్వవిద్యాలయముల నడుమ నప్పుడే వ్యాపించుచుండిన అంతర్జాలమున అందఱికి పంచిపెట్టెను. పుచ్చుకొన్నవారు తమకు దొరికిన మాటలను చేర్చి తిరిగి పంపిరి. తప్పులున్నచోట దిద్దిరి. అదే కాలమున ఆతడు కాంజీలకు వేఱొక పట్టికను కూర్చి, అక్షరమునకు ఎన్ని గీతలు, ఏ అంగము, నెల్సన్ కోశములో ఏ సంఖ్య, మొరొహాషిలో ఏ సంఖ్య, హాల్‌పెర్న్ సంకేతమేది యను వివరములన్నిటిని ఒక్క పంక్తిలో చేర్చెను. నాలుగు శతాబ్దుల కోశకారుల శ్రమ ఆ పంక్తిలో సంఖ్యలుగా ప్రక్కప్రక్కన నిలిచినది.

వెదకుటయను పాత ప్రశ్నకు గొప్ప జవాబు 1990ల నడుమ వచ్చినది. మైకేల్ రెయిన్ అను పండితుడు బ్రీన్‌తో కలసి 6,355 కాంజీలను విప్పి, ఒక్కొక్కదానిలో కనబడు చిన్న ఆకృతులన్నిటిని, ప్రధానమైనదేది, అప్రధానమైనదేది యను విచక్షణ లేకుండ, జాబితా చేసెను. దాని ఫలితమెట్టిదనగా, విద్యార్థి అక్షరమున తనకు గుర్తుపట్టవచ్చిన ఏ భాగమునైనను, ఒక మూలనున్న నోరునో క్రిందనున్న చెట్టునో, తెరమీద నొక్కినచో ఆ భాగము గల అక్షరములే మిగులును. రెండవ భాగమును నొక్కగా పదో ఇరువదియో మిగులును. మూడవదానితో కావలసినది కన్నులయెదుట నిలుచును. కాంగ్‌షీ కాలమునుండి ఏది ప్రధానాంగమని విద్యార్థిని నిలవేసిన ప్రశ్నయే ఎగిరిపోయినది. కాగితముపై ఈ పద్ధతి కష్టసాధ్యము, ఏలనన ఒక్కొక్క అక్షరమును నాలుగైదు చోట్ల అచ్చొత్తవలసివచ్చును. జపాను నేర్పు సాధనములలో యంత్రము పుస్తకమునకు లేని క్రొత్త శక్తిని నిజముగా ఇచ్చినది ఈ యొక్క చోటనే యని నా నమ్మకము. తక్కినవన్నియు ఉన్నదానిని వేగముగా చేయుటయే.

1998లో బ్రీన్ ఈ పట్టికలను అంతర్జాలపు నిఘంటువుగా తెఱచెను. 1999లో పాత పంక్తిరూపమును విడిచి, ఒక్క మాటకు గల పలు వ్రాతలను, పలు అర్థములను వేఱుచేసి చూపు క్రొత్తరూపము ‘జేఎండిక్ట్’ వెలువడెను. 2000లో దీని హక్కులను నిర్వహించుటకు మొనాష్‌లో ఒక పరిశోధక బృందము ఏర్పడినది. ఆధారమును పేర్కొని, తమ మార్పులను అదే షరతుతో తిరిగి పంచినచో ఎవరైనను వాడుకొనవచ్చునను అనుమతి దీనికి కలదు. నేడు ఫోనులలో కనబడు జపాను నిఘంటువులలో అధికభాగము, విఖ్యాతమైన ‘జిషో’ మొదలుగా, లోపల ఈ కోశముమీదనే నడచుచున్నవి. పేళ్లు వేఱు, రంగులు వేఱు, ధాతువు ఒక్కటే.

ఉదాహరణవాక్యముల కథ మఱింత హృద్యము. హ్యోగోలో ఆచార్యుడైన తనాకా యసుహితో తన విద్యార్థులలో ఒక్కొక్కనిచేత మూడేసి వందల జపాను–ఇంగ్లీషు వాక్యయుగ్మములను సేకరింపజేసెను. ఏండ్లు గడచునప్పటికి రెండు లక్షలకు పైబడిన ఆ రాశిని ఆతడు లోకమునకు ఉచితముగా విడిచెను. అందు తప్పులు, పునరుక్తులు పెక్కు లుండుటచే స్వచ్ఛంద సంపాదకులు ఏఱి దిద్ది సుమారు లక్షన్నరకు తగ్గించిరి. పిమ్మట అది 2006లో మొదలైన ‘తతోయెబా’ అను బహుభాషా వాక్యభాండారమున చేరినది. మాట వెదకినప్పుడు క్రింద కనబడు వాక్యమును వ్రాసి తెచ్చినది పేరు తెలియని ఏ కళాశాల విద్యార్థియో! 1603నాటి జపానీయ సహోదరుల గతియే వీరికిని పట్టినది.

అదే తరమున చదువు సాధనములు మఱికొన్ని వచ్చినవి. 1997లో ఆరంభమైన ‘అఒజోరా బున్‌కో’ గ్రంథస్వామ్యము తీఱిన జపాను సాహిత్యమును స్వచ్ఛందముగా టైపు చేసి ఉచితముగా చదువనిచ్చుచున్నది. తెరమీది మాటపై గురుతు నుంచినంతనే అర్థము చూపు సాధనములు ఈ శతాబ్ది మొదటి యేండ్లలోనే పుట్టినవి. 2006లో డేమియన్ ఎల్మ్స్ తన జపాను అభ్యాసమునకై వ్రాసికొన్న ‘ఆంకీ’ అను ప్రోగ్రాము, మఱపు రానున్న వేళకు మాటను మరల చూపు పద్ధతితో, నేడు వైద్యవిద్యార్థులకును ప్రాణాధారమైనది. మఱపుయొక్క గతిని ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1885లోనే తనపై తాను ప్రయోగములు చేసికొని కొలిచి చూపెను. కాంజీ గీతల వరుసను బొమ్మలుగా చూపు పట్టికలను ఉల్‌రిక్ ఆపెల్ సమకూర్చెను. జపాను ఫౌండేషను తన పాఠములను అంతర్జాలమున నుంచినది. ఒక్క మాట మాత్రము చెప్పుదును: వీనిలో విద్యార్థి కష్టమును తొలగించునవి యెన్ని యున్నను, కష్టపడు సమయమును తొలగించునది ఒక్కటియు లేదు. కాంజీని చేతితో నూఱుమార్లు వ్రాయు పాత అలవాటును ఈ తరము పూర్తిగా విడుచుట నష్టమనియే నా తలంపు.

తెలుగువాని స్థితి ఎట్టిది? జేఎండిక్ట్‌లో ఇంగ్లీషుతో పాటు జర్మను, ఫ్రెంచి, రష్యను, డచ్చి, హంగేరియను, స్పానిష్, స్వీడిష్, స్లొవేనియను అర్థములు కలవు. కొన్ని లక్షల జనులు మాటాడు స్లొవేనియనుకు చోటున్నది. ఎనిమిది కోట్ల మంది మాటాడు తెలుగునకు లేదు. హైదరాబాదునందో విశాఖపట్టణమునందో జపాను కొలువునకై భాష నేర్చుకొను యువకుడు ప్రతి మాటకు ఇంగ్లీషు వంతెననెక్కి పోవలసియున్నది. ఆ వంతెనలో నష్టమున్నది. జపాను వాక్యమునను తెలుగు వాక్యమునను క్రియ చివర వచ్చును. ‘లో’, ‘కు’, ‘నుండి’ వంటి ప్రత్యయములు రెండిటను నామము వెనుకనే నిలుచును. పెద్దలయెడ మన్ననవాచకములు రెండిటను ఉన్నవి. ఇట్టి పోలికలు గల భాష నోటనున్నవానిని ఇంగ్లీషు వాక్యపు క్రమములో నిలిపి బోధించుట, ఎదుటనున్న వాకిలిని విడిచి పెరటి గోడ దూకించుటయే.

ఆ లోటు తీఱుటకు ఆటంకమైన రహస్యమేదియు లేదు. కోశము అందఱికి తెఱచియున్నది. ఎవరైనను క్రొత్త మాటను గాని సవరణను గాని పంపవచ్చును, సంపాదకులు పరిశీలించి చేర్చుకొందురు. తెలుగు వైపున బ్రౌను నిఘంటువును, సూర్యరాయాంధ్రమును ఇప్పటికే అంతర్జాలమునకెక్కి, ఆంధ్రభారతి వంటి తావులలో వెదకుటకు వీలుగా నున్నవి. జేఎండిక్ట్‌లో తఱచు వాడుకలోనివని గుర్తు వేయబడిన మాటలు సుమారు 20,000. హెప్‌బర్న్, కిషిదా ఇరువురును కలసి షాంఘై ముద్రణశాలలో దిద్దిన మాటలును దాదాపు అన్నియే. జపానులో చదువుచు, పనిచేయుచు నున్న తెలుగువారు కొద్దిమంది, ఆ మాటలకు ఎదురుగా తెలుగర్థములను ఒక్కొక్క పంక్తిగా వ్రాయుట కిది తగిన సమయము. వ్రాసినవారి పేళ్లును, సందేహము తీర్చిన జపానీయుల పేళ్లును ఆ దస్త్రము తలభాగముననే నమోదు కావలెను.